సిమెంటు మూత కింద పచ్చ వైరు

ఫిబ్రవరి 3, పొద్దున

లేదక్కా, చిన్నాన్న మీద కోపంతో వచ్చెయ్యలేదు నేను. ఆయన పని నచ్చక వచ్చా. రెండూ వేరు.

ఇక్కడ బానే ఉంది. బానే అంటే రోతగా ఉంది. మూడంతస్తుల పాత ఆఫీసు, మొత్తం వైరింగు పీకి కొత్తది వెయ్యాలి. నిన్న ఒక స్విచ్‌బోర్డు విప్పితే లోపల బొద్దింకలు చచ్చి, ఎండి, వైరుకి అతుక్కుపోయి ఉన్నాయి. జాయింటుకి టేపు లేదు, దెబ్బలకి కట్టే గుడ్డ చుట్టాడెవడో. అది పసుప్పచ్చగా మాడి కంపు కొడుతోంది. ఇంకోచోట అసలు ప్లగ్గే లేదు. రెండు వైర్లు సాకెట్లో దోపి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. దాని కిందే కాగితాల గుట్ట. పదేళ్ళుగా దాని పక్కన కూర్చునే టీ తాగుతున్నారంట. నాకు అన్నం సయించలేదు.

మా మేస్త్రి ఆ అగ్గిపుల్లలు అరచేతిలో పెట్టి చూపించి, "ఇది చేసినోడు ఆ రోజు ఇంటికెళ్ళి హాయిగా పడుకునుంటాడ్రా" అన్నాడు.

ఛీ అనిపించింది. సరే, పని పిలుస్తోంది.


ఫిబ్రవరి 3, మధ్యాహ్నం

ఒరేయ్ మూగోడా,

ఎవరడిగార్రా నిన్ను కోపంతో వెళ్ళావా లేదా అని? నేనడగలేదు, మీ బావ అడగలేదు, చిన్నాన్నైతే నీ ఊసే ఎత్తట్లేదు. నోరు తెరిచి మాట్లాడమంటే గోడవైపు తిరుగుతావు, ఫోను చేస్తే ఊ, ఆ తప్ప రాదు, టైపు మాత్రం ఇంతింత కొడతావు.

అమ్మా నాన్నా పోయాక మనిద్దర్నీ సాకి, నీకు చదువు అబ్బట్లేదని తన పని చేతిలో పెట్టిన మనిషి ఆయన. ఆయన వైరింగు నచ్చలేదా నీకు? పదిహేడేళ్ళొచ్చాయో లేదో కొమ్ములొచ్చాయి.

పని తెలిసినోడివి కాబట్టి ఒకటి అడుగుతా. మీ బావ తన వ్యాను ఓనరు ఇంట్లో మార్చేసిన పాత గీజరు తెచ్చి మా బాత్రూములో పెట్టించాడు. అప్పట్నించీ కుళాయి పట్టుకుంటే వేళ్ళలో చీమలు పాకినట్టు జివ్వుమంటోంది. పాప "అమ్మా, నీళ్ళు కరుస్తున్నాయి" అంటోంది. మూడేళ్ళ పిల్ల మాట కదా, నవ్వొచ్చింది. కానీ నిన్న నాక్కూడా కరిచింది. ఏంటది?

మిషను మీద జాకెట్లు గుట్టలా ఉన్నాయి, వెళ్తున్నా.

అక్క


ఫిబ్రవరి 4

అక్కా నవ్వకు. అది చీమలు కాదు, కరెంటు.

ముందు గీజరు స్విచ్చి ఆపు. అక్కడితో ఆగకు, మెయిన్ బోర్డులో దాని ఎమ్‌సీబీ మీట కూడా దించు. పాపని బాత్రూములోకి వెళ్ళనివ్వకు. స్టవ్వు మీద కాచుకోండి నీళ్ళు.

గీజరు లోపల నీళ్ళు కాచే తీగ చుట్ట ఉంటుంది. అది పాడైతే కరెంటు నీళ్ళలోకి, డబ్బాలోకి, కుళాయిలోకి వస్తుంది. అలా వచ్చినా మనిషికి తగలకూడదనే పచ్చ వైరు వేసేది, ఎర్తు. పారిపోయిన కరెంటుని తీసుకెళ్ళి భూమిలో పారేస్తుంది. ఎర్తు గట్టిగా ఉంటే ఆ దెబ్బకి ఎమ్‌సీబీ టప్పున పడిపోవాలి. మీకు పడట్లేదు.

పాత గీజరు ఎవడన్నా తెస్తాడా? వాళ్ళు ఎందుకు మార్చారో అడగొద్దా? బావకి చెప్పకు నేనన్నానని.

స్విచ్చి ఆపాక మెసేజి పెట్టు. పెట్టేదాకా చూస్తుంటా.


ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నీ మెసేజి చదివి భయమేసి బావకి చూపించా. చివరి ముక్క చెరపడం మర్చిపోయా. రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. "మీ తమ్ముడు పెద్ద ఇంజనీరైపోయాడు, నేను చెత్త తెచ్చేవాణ్ణి" అని.

తర్వాత చిన్నాన్నని పిలిచాం. ఆయనకీ చదివి వినిపించా. పడీ పడీ నవ్వాడు. "వాడికి పని నేర్పింది నేను. నాకే పాఠం చెప్తున్నాడా? ఈ వరసలో ఆరిళ్ళకీ వైరింగు నాది. ఎర్తు బంగారం. భూమిలోకి ఎనిమిదడుగుల రాడ్డు, పైన ఉప్పు, బొగ్గు, సిమెంటు మూత. దింపింది ఎవరనుకున్నావు, వాడే. వాడి చేతుల్తో. అడుగు వాణ్ణే" అన్నాడు. కుళాయి నుంచి కాస్త జివ్వుమన్నంత మాత్రాన చచ్చిపోరని, ఇనప కుళాయి తీసి ప్లాస్టిక్‌ది బిగించాడు. ఇప్పుడు జివ్వు లేదు. షవరు గొట్టం ముట్టుకోకుంటే చాలట.

నువ్వు లేని భయాలు పెట్టకు. నేను కరెంటు మిషనుతోనే బతకాలి.

ఇంకో కబురు. మొన్న గాలికి బట్టల తీగ ఒరిగిపోయింది. ఊతం కోసం వెతుకుతుంటే నీళ్ళ ట్యాంకు వెనక, కలుపు మొక్కల్లో ఇనప కడ్డీలు నాలుగు దొరికాయి. నాకన్నా పొడుగు, రాగి పూత, నిగనిగలాడుతున్నాయి. ఒకటి తీగకి ఊతం పెట్టా. ఇంకోటి పక్కింటావిడ పట్టుకెళ్ళి తీగ పందిరికి పాతింది. మిగతా రెండూ అక్కడే. ఎవరు పారేశారో పుణ్యాత్ములు.

తిన్నావా? ఉత్తరం ముగించేటప్పుడు ఆ ముక్క రాయాలిగా.

అక్క


ఫిబ్రవరి 12

అక్కా, పని ఎక్కువైంది. అందుకే మూడ్రోజులు రాయలేదు.

ప్లాస్టిక్ కుళాయి! తు. కుక్క కరుస్తోందంటే కుక్కని కట్టెయ్యాలి గానీ, చేతికి గుడ్డ చుట్టుకుంటే సరిపోతుందా? చిన్నాన్న పనంతా ఇంతే. పైకి కనిపించేది కప్పెయ్యడం. అందుకే వచ్చేశా నేను. కళ్ళు మూసుకుంటే ఆయన బోర్డులే కనిపిస్తున్నాయి, చిరాకేస్తోంది.

విను. లీకేజీ స్విచ్చి అని ఉంటుంది. మామూలు ఎమ్‌సీబీ కాదు. మీద "టి" అని చిన్న బొత్తాం ఉంటుంది. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి రాకపోతే, దారిలో ఎక్కడో కొంచెం కారిపోతే, అది కనిపెట్టి రెప్పపాటులో ఇల్లంతా ఆపేస్తుంది. మనిషి ముట్టుకున్నా ఆపుతుంది. ముప్ఫై మిల్లీ ఆంపుల్ది అని అడగమను. బావని బతిమాలు. కావాలంటే నేను క్షమించమన్నానని చెప్పు.

ఇస్త్రీ పెట్టె ఎక్స్‌టెన్షను మీద వాడకు. తడి చేత్తో మిషను ప్లగ్గు పీకకు. చెప్పులేసుకుని కుట్టు.

ఆ కడ్డీలు ఎక్కడివో ఏమో, తుప్పు పట్టి గుచ్చుకుంటాయి. పారెయ్యి. పక్కింటావిడ దగ్గర్నించి కూడా తెచ్చి పారెయ్యి.


ఫిబ్రవరి 20, పొద్దున

ఏరా,

నీ మాట విని మీ బావ స్విచ్చి తెచ్చి, కరెంటాఫీసు పక్క షాపులో కుర్రాణ్ణి పట్టుకొచ్చి పెట్టించాడు. క్షమించమన్నావని చెప్తే నిజంగానే కరిగిపోయాడు పాపం.

ఇప్పుడు సంగతి విను. గీజరు వేస్తే చాలు, టప్. ఇల్లంతా చీకటి. ఫ్రిజ్జు ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, నా మిషను సగం కుట్టులో ఆగుతుంది. నిన్న పొద్దున ఏడుసార్లు. "డబ్బా స్విచ్చి అంటగట్టాడు మీవాడు" అని మళ్ళీ మొదలెట్టాడు బావ. నేనిద్దరి మధ్యా నలిగిపోతున్నా. నిజం చెప్పు, ఆ షాపోడు నీ దోస్తా?

కడ్డీ నీకేం అడ్డం? ఇక్కడికొచ్చి బట్టలారేసేది నువ్వా? తుప్పూ లేదు గిప్పూ లేదు.


ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

అక్కా, ఆ స్విచ్చి పాడవలేదు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పనిది అదొక్కటే.

గీజరు వేస్తే పడుతోందంటే గీజరు కారుతోందని. గీజరు పీకి పారెయ్యండి. స్విచ్చి మాత్రం ముట్టుకోవద్దు, చిన్నాన్నని ముట్టుకోనివ్వద్దు. అనుమానముంటే నెలకోసారి ఆ "టి" బొత్తాం నొక్కు. పడితే బతికున్నట్టు.

దోస్తులెవరున్నారక్కా నాకు.


ఫిబ్రవరి 24, పొద్దున

చూడు, అరవకుండా చదువు.

చిన్నాన్న నిన్న వచ్చాడు. స్విచ్చి చూశాడు, పైకి కిందకి నాలుగుసార్లు ఎత్తాడు. "మరీ సుకుమారంగా ఉంది, గాలి తగిలినా పడుతుంది" అని దాని పైనించి ఒక వైరు వేసి కరెంటుని దాటించేశాడు. ఇప్పుడు పడట్లేదు. హమ్మయ్య అనుకున్నాం.

ఆయన చెప్పింది కూడా సబబుగానే ఉంది మరి. "గీజరు నిజంగా లీకైతే నా ఎర్తు లాగేస్తుంది, ఎమ్‌సీబీ కొట్టేస్తుంది. ఎమ్‌సీబీ కొట్టట్లేదు. అంటే లీకు లేదు. ఎనిమిదడుగుల రాడ్డమ్మా అది, ఆటా?" అన్నాడు. నువ్వే కదా రాశావు, ఎర్తు గట్టిగా ఉంటే ఎమ్‌సీబీ పడాలని. ఇద్దరూ ఒకటే చెప్తున్నారు, మళ్ళీ కొట్టుకుంటున్నారు.

నీ మాటలకి ఆయన మనసు బాగా నొచ్చుకుందిరా. పైకి నవ్వుతున్నాడు గానీ నేనెరగనా. "కనిపించేది కప్పెయ్యడం" అన్నావు చూడు, అది రెండుసార్లు చదివించుకున్నాడు. ఆదివారం వచ్చి ఇనప కుళాయి మళ్ళీ బిగించి, చెప్పుల్లేకుండా నిలబడి, చేత్తో పట్టుకుని చూపిస్తాడట. ఫోటో తీసి నీకు పంపమన్నాడు.


ఫిబ్రవరి 24, పొద్దున

వద్దను

అక్కా వద్దను

ముట్టుకోవద్దను. ఒట్టు పెట్టి అడుగుతున్నా


ఫిబ్రవరి 24, మధ్యాహ్నం

ఎందుకు? కారణం చెప్పు. చెప్తే ఆపుతా. ఆయన అడుగుతున్నాడు, ఎర్తులో తప్పేముందో ఒక్కటి చెప్పమను వాణ్ణి, ఒప్పుకుని నేనే వాడి దగ్గరికొచ్చి పని నేర్చుకుంటా అని.


ఫిబ్రవరి 25

ఊరికే. నాకెందుకో బాలేదనిపిస్తోంది.


మార్చి 1

తమ్ముడూ,

చిన్నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు, ముందే చెప్తున్నా, కంగారుపడకు.

నిన్న వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. నన్ను, బావని, పక్కింటావిణ్ణి కూడా పిలిచి బాత్రూము గుమ్మం దగ్గర నిలబెట్టాడు. పాపని నేను ఎత్తుకున్నా. ఇనప కుళాయి బిగించాడు, గీజరు వేశాడు, కింద బకెట్టెడు నీళ్ళు పోసుకున్నాడు. "ఫోటో సరిగ్గా తియ్యి, మొహం కనిపించాలి" అని బావతో అన్నాడు. పట్టుకున్నాడు.

మొహం కనిపించింది. ఆ ఫోటో నీకు పంపను.

చెయ్యి వదల్లేదు కుళాయి. వేళ్ళు అంటుకుపోయాయి. అరుపు కూడా రాలేదు, గొంతులో ఏదో గురగుర. బావ పట్టి లాగబోయాడు. నీ మెసేజీల్లో ఏదో చదివిన గుర్తుతో నేను "ముట్టుకోకు, మెయిను దించు" అని కేకేశా. మెయిను పడ్డాక వెనక్కి పడ్డాడు. గడపకి కొట్టుకుని మోచెయ్యి విరిగింది. అరచెయ్యి మాడింది. ఆ వాసన ఇంకా ఇంట్లో ఉంది, తలుపులన్నీ తెరిచినా పోవట్లేదు.

కరెంటాఫీసు నుంచి ఒకాయన వచ్చి ప్రతి బోర్డూ విప్పాడు. నువ్వు చెప్పినట్టు కుళ్ళు బయటపడుతుందనుకున్నా. ఆయనేమో "ఎవరు చేశారో గానీ ముచ్చటైన పని. జాయింటూ జాయింటూ చూసుకోవచ్చు. ఆ స్విచ్చి దాటించడం ఒక్కటే పాపం. కానీ ఎర్తు మాత్రం అసలు పనిచెయ్యట్లేదు, ఎందుకో మూత తవ్వి చూడాలి" అన్నాడు.

నీకు తెలుసు. నీకేదో తెలుసు. ఊరికే అన్నావు చూడు, ఆ మాట నా గుండెల్లో ఉండిపోయింది.

చెప్పు.


మార్చి 2

అక్కా,

రాడ్డు ఎనిమిదడుగులు లేదు. మూరెడుంది.

మీ వరస కట్టేటప్పుడు ఎర్తు గుంటలు నాకు అప్పజెప్పాడు చిన్నాన్న. అప్పటికి పద్నాలుగేళ్ళు నాకు. మొదటి రెండిళ్ళకీ రాడ్డు పూర్తిగా దిగింది, సమ్మెటతో కొట్టీ కొట్టీ. మీది మూడోది. మూరెడు దిగి రాయి తగిలింది. మధ్యాహ్నమంతా కొట్టా. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి, సమ్మెట కర్రకి నెత్తురంటింది. దిగలేదు. రాయి తగిలింది చిన్నాన్నా, చోటు మారుద్దామా అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. ఆయన లోపల బోర్డు కడుతూ పాట పాడుకుంటున్నాడు. పక్కన ఓనరు, తాపీ మేస్త్రులు, బోలెడుమంది. అంతమందిలో నేనెప్పుడూ నోరు తెరవను. చెప్పడం కన్నా కొయ్యడం తేలికనిపించింది.

రంపంతో కోశా. పైకి మిగిలిన మొనకి పచ్చ వైరు బిగించా. ఉప్పూ బొగ్గూ పోశా. సిమెంటు మూత పెట్టా. ఆయనొచ్చి మూత చూసి "శభాష్ రా మూగోడా" అని భుజం తట్టాడు. కోసిన ముక్క ట్యాంకు వెనక పారేశా.

తర్వాత మూడిళ్ళకీ కింద రాయి ఉందో లేదో చూడను కూడా చూడలేదు. మూరెడు దించి కోసేశా.

ఆయన పని రోత అని వచ్చెయ్యలేదక్కా నేను. ఆయన కట్టిన ఏ బోర్డు విప్పినా తప్పు వెతికేవాణ్ణి, ఒక్కటి దొరికితే నాది చిన్నదైపోతుందని. దొరకలేదు. ఇక్కడి బొద్దింకలూ అగ్గిపుల్లలూ చూసి ఛీ అన్నానే, ఆ రోజు ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నోణ్ణి నేనూ. నువ్వు అన్నం పెట్టావు, రెండోసారి వడ్డించుకున్నా కూడా. 

నీళ్ళు కరుస్తున్నాయని పాప చెప్పినప్పుడే చెప్పాల్సింది. ఆయన పట్టుకుంటానన్నప్పుడైనా చెప్పాల్సింది. ఎన్ని రకాల సలహాలిచ్చానో చూడు, ఆ ఒక్కటి తప్ప.

చిన్నాన్నకి నువ్వు చెప్పు. నాకు చేతకాదు.


మార్చి 4

తమ్ముడూ,

చదివి రెండ్రోజులు నీకు రాయకూడదనుకున్నా. పాప చెయ్యి పట్టుకుని చూసుకున్నప్పుడల్లా నిన్ను కొట్టాలనిపించింది.

చిన్నాన్నకి నేను చెప్పక్కర్లేకపోయింది. నిన్న మా ఇంటికే తీసుకొచ్చాం. చేతికి కట్టుతో, గాలికని పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బట్టల తీగకేసి చాలాసేపు చూశాడు. లేచి వెళ్ళి ఎడం చేత్తో కడ్డీ తడిమాడు. ఒక చివర సమ్మెట దెబ్బలకి పువ్వులా విచ్చుకుని ఉంది, రెండో చివర నున్నగా రంపం కోత. నేను ఇన్ని రోజులు చూసినా నాకు తెలియలేదు, ఆయనకి చూపు చాలు. ట్యాంకు వెనక్కి వెళ్ళాడు. పక్కింటి పందిరి దగ్గరికెళ్ళాడు. వచ్చి కూర్చున్నాడు.

"నాలుగు కడ్డీలు. నాలుగిళ్ళు" అన్నాడు. అంతే.

నేనప్పుడు నీ మెసేజి చదివా. బొబ్బల దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాడు. "మూత ఎత్తి కొలవాల్సింది నేను. వాడు మూగోడని నాకు తెలుసుగా, మూతని చూసి శభాష్ అనేశాను" అన్నాడు. నీ తప్పు తక్కువ చేస్తున్నాడనుకోకు. తర్వాత చాలా తిట్లు తిట్టాడు, పాప ముందు రాయలేను, ఒళ్ళో కూర్చుంది.

చివర్న ఇది చెప్పమన్నాడు: "నాకు చెయ్యి లేదు ఇప్పుడు. గుంటలు వాడే వచ్చి తవ్వాలి. ఈలోగా ఆ మూడిళ్ళవాళ్ళకీ వాడే చెప్పాలి. నీ నోటితో కాదు, నా నోటితో కాదు." వరస ఇళ్ళ గ్రూపులో నిన్ను కలిపాను. అందరూ ఉన్నారు. పందిరావిడ నిన్నట్నించీ వాషింగు మిషను జివ్వుమంటోందని అంటోంది, నవ్వుతూ.

టికెట్టు తీసుకున్నాక చెప్పు. అన్నం పెడతానో లేదో వచ్చాక చూద్దాం.

అక్క


మార్చి 5, వరస ఇళ్ళ గ్రూపుకి

అందరికీ నమస్కారం. నేను మూడో ఇంటి దర్జీ అక్క తమ్ముణ్ణి. మీ ఇళ్ళు కట్టినప్పుడు వైరింగు మేస్త్రి వెంట ఉండేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి కాదు. మీకు గుర్తుండకపోవచ్చు.

మూడు, నాలుగు, అయిదు, ఆరు నంబర్ల ఇళ్ళకి ఎర్తు లేదు. ఉన్నట్టు కనిపిస్తుంది, లేదు. రాడ్డు కోసింది నేను. మేస్త్రికి తెలియదు, ఆయన పని మంచిది. మా అక్కా వాళ్ళింట్లో ఆయనకే షాకు కొట్టింది.

నేను రేపు పొద్దున బస్సు దిగుతా. కొత్త రాడ్లు తెస్తున్నా, ఒక్కో ఇంటికీ చోటు మార్చి మళ్ళీ దింపుతా, ఎర్తు కొలిచే డబ్బాతో కొలిచి మీ ముందే చూపిస్తా. ఇక్కడ నేను ఇప్పుడు పనిచేసే మేస్త్రి కూడా వస్తానన్నాడు, నన్ను నమ్మక. అప్పటిదాకా గీజరు, వాషింగు మిషను, నీళ్ళ మోటారు వెయ్యొద్దు. ఫ్రిజ్జు చెప్పుల్లేకుండా ముట్టుకోవద్దు. జివ్వుమంటే నవ్వొద్దు. తిట్టాలనుకుంటే రేపు ఎదురుగా తిట్టండి, పారిపోను.

ఒకటి, రెండు నంబర్లవాళ్ళు మాది బానే ఉందిగా అనుకుంటారేమో. నా మాట కూడా నమ్మకండి. ఎవరి మాటా నమ్మకండి. మీ ఇంటి వెనక ఆ సిమెంటు మూత ఎత్తి, పచ్చ వైరు కింద ఏముందో ఇన్నేళ్ళలో ఎవరైనా ఒక్కసారైనా చూశారా?